తిరువయ్యారు పంచరత్న గోష్ఠికి వెళ్ళాలనుకునే బృందాలకి: ప్రాక్టీసు నుంచి తిరుగు రైలు దాకా

ముందు తేదీ తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే. తంజావూరు దగ్గరి తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, అంటే 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి రోజున జరుగుతుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2025లో జనవరి 18, శనివారం పడింది, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. 2026లో మాత్రం జనవరి 7, బుధవారం. ఉత్సవం ఐదు రోజులు నడిచి పంచమితో ముగుస్తుంది కాబట్టి ఏదో ఒక శని ఆదివారం మధ్యలో తగిలే అవకాశం ఎక్కువే (2026లో 3, 4 తేదీలు అలా తగిలాయి), ఆ రెండు రోజులూ కచేరీలు వినడానికీ, మీకు వేదిక మీద చోటు దొరికితే పాడుకోవడానికీ బాగానే ఉంటాయి. కానీ గోష్ఠిగానం, అంటే ఐదు పంచరత్న కృతులూ అందరూ కలిసి పాడటం, పంచమి ఉదయం ఒక్కసారే. అది వారం మధ్యలో పడితే సెలవు పెట్టాల్సిందే, వేరే దారి లేదు.

టికెట్లు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అందుకని తేదీ తెలిసిన రోజే క్యాలెండర్‌లో వెనక్కి లెక్కపెట్టి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పంచమి సంక్రాంతికి అటూ ఇటూ పడిన ఏడాది మన వైపు సంక్రాంతి రద్దీ, అటువైపు పొంగల్ రద్దీ రెండూ కలిసి మీద పడతాయి. విజయవాడ నుంచి అయితే పొద్దున్నే పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు. తంజావూరు వెళ్ళే బండ్లు మాత్రం ఎగ్మూరు నుంచి. రెండు స్టేషన్లకీ మధ్య మెట్రో ఉంది, సామాను ఎక్కువైతే ఆటో మేలు. ఎగ్మూరులో రాత్రి బయల్దేరే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి తంజావూరులో దింపుతుంది. హైదరాబాద్ వాళ్ళు విమానంలో తిరుచ్చి దిగితే అక్కణ్ణుంచి తంజావూరు రోడ్డు మీద గంటా గంటన్నర.

ఇక్కడ చాలా బృందాలు ఒక లెక్క వేసుకుంటాయి: శుక్రవారం రాత్రి రైలెక్కి, శనివారం తెల్లవారుజామున దిగి, లాడ్జిలో స్నానం చేసి, తొమ్మిదింటికి గోష్ఠిలో కూర్చుంటే సరిపోతుంది కదా అని. కాగితం మీద సరిపోతుంది. కానీ రాత్రంతా ఏసీ బోగీలో ఎండిపోయిన గొంతు పొద్దున తొమ్మిదికి నాట రాగం పై షడ్జానికి లేవదు, పైగా బండి గంట ఆలస్యమైతే అంతే సంగతులు. ముందు రోజు మధ్యాహ్నానికే తంజావూరు చేరేలా చూసుకోండి, ఒక పూట సెలవు పోతే పోయింది.

బస కూడా తంజావూరులోనే చూసుకోండి. తిరువయ్యారు చిన్న ఊరు, ఆ ఐదు రోజులూ గదులు దొరకడం కష్టం. రెండూళ్ళకీ మధ్య 13 కిలోమీటర్లు, దారిలో వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి దాటి చివర కావేరి దాటుతారు. బస్సులు తరచుగా ఉంటాయి గానీ ఆరాధన రోజు పొద్దున పట్టుచీరలతో, తంబూరా సంచులతో బస్సులో వేలాడే పని పెట్టుకోకండి, ముందు రోజే వ్యాను మాట్లాడుకోండి. గది అద్దె ఫోన్లో చెప్పింది ఒకటి, దిగాక అడిగింది ఇంకొకటి అయిన అనుభవం మాకుంది, కాబట్టి మెసేజ్‌లో రాయించుకుని ఉంచుకోండి.

అసలు పని: ఐదు కృతులూ నోటికి రావాలి

జగదానందకారక నాటలో, దుడుకుగల గౌళలో, సాధించెనే ఆరభిలో, కనకనరుచిరా వరాళిలో, ఎందరో మహానుభావులు శ్రీరాగంలో. ఐదూ ఆదితాళం. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. అన్నీ కలిపి గంట దాకా పడుతుంది. ఈ సంగతి పాడేవాళ్ళందరికీ తెలుసు, అయినా ఏ బృందాన్ని చూసినా మొదటిదీ చివరిదీ మాత్రం గట్టిగా వచ్చి ఉంటాయి, మధ్య మూడూ డొల్ల. గోష్ఠిలో కూర్చుంటే మీకే వినపడుతుంది: నాటలో ఉప్పొంగిన గొంతులు గౌళకి కాస్త తగ్గి, వరాళికి సగమై, శ్రీరాగం ఎత్తుకోగానే మళ్ళీ ఒక్కసారిగా లేస్తాయి. అందుకని ప్రాక్టీసు తలకిందులుగా మొదలుపెట్టండి. వరాళి ముందు, తర్వాత గౌళ, తర్వాత ఆరభి. వరాళిని గురువు నేరుగా నేర్పితే గురుశిష్యులకి పడదన్న నమ్మకం ఒకటుంది కదా, ఆ వంకతో చాలా మంది ఆ కృతిని పక్కన పెట్టేస్తారు. మీ టీచరుగారికి ఆ పట్టింపు ఉంటే రికార్డింగు పెట్టుకుని నేర్చుకోండి, ఆవిడ పక్క గదిలో కూర్చుని వింటారు. మేము చూసిన పద్ధతే చెబుతున్నాను.

గౌళ, వరాళి, ఈ రెండు రాగాల్లో బృందం శ్రుతి తప్పే చోట్లు ముందే తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. గౌళలో రిషభం మామూలు శుద్ధ రిషభం కన్నా కిందుగా, షడ్జానికి అతుక్కున్నట్టు నిలవాలి. ఒక్కరు పాడితే నిలుస్తుంది, ఇరవై మంది పాడేటప్పుడు ఎవరో ఒకరు పైకి లాగితే అందరూ అటే పోతారు. వరాళిలో దీనికి ఉల్టా, మధ్యమం పంచమాన్ని తాకేంత పైన ఉండాలి, గాంధారం చాలా కింద. ఆ రెంటి మధ్య దూరాన్ని గొంతు సహజంగానే తగ్గించేస్తుంది. తంబూరా పెట్టుకుని ఆ స్వరాల మీద ఊరికే నిలబడి, కదలకుండా, కాసేపు పాడండి. బోరు కొడుతుంది, అయినా పాడండి.

పాఠాంతరం గొడవ ఇంకొకటి. మీ గురువుగారి దగ్గర చరణం చివర సంగతి ఒకలా ఉంటుంది, అక్కడ వేలమంది పాడేది ఇంకోలా ఉంటుంది. గోష్ఠిని ఆకాశవాణి, దూరదర్శన్ ఏటా ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి, పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో బోలెడు. గత రెండు మూడేళ్ళవి తీసుకుని, మీ పుస్తకం ముందు పెట్టుకుని, తేడా వచ్చిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అక్కడ వాళ్ళు పాడేదే పాడాలి. మీ పాఠాంతరమే సరైనది కావచ్చు, ఎవరూ కాదనరు, కానీ గోష్ఠి దాన్ని రుజువు చేసే చోటు కాదు. ముఖ్యంగా చరణాల వరస, ప్రతి చరణం తర్వాత పల్లవి ఎక్కడికి తిరిగి రావాలి, స్వరం ఎక్కడ ఆగి సాహిత్యం ఎక్కడ మొదలు, ఈ మూడూ కచ్చితంగా చూసుకోవాలి. సాధించెనేలో ప్రతి చరణం తర్వాత "సమయానికి తగు మాటలాడెనే" అని వచ్చే చోటు ఉందే, అక్కడ ఒక్కరు ముందే దూకితే పక్క వరస మొత్తం కంగారు పడుతుంది.

సాహిత్యం విషయంలో తెలుగువాళ్ళం మనకేంటిలే అనుకుంటాం. నిజానికి తమిళులు కష్టపడి నేర్చుకుంటారు. తమిళ లిపిలో క, గ లాంటి వాటికి వేరు వేరు అక్షరాలు లేవు కాబట్టి వాళ్ళ పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేసుకుని మరీ చదువుకుంటారు. మనం పుస్తకం తెరిచి అప్పటికప్పుడు చదువుతూ పాడేస్తాం. దుడుకుగల పల్లవే చూడండి. "నన్నే దొర కొడుకు" అన్నది నన్ను, ఏ దొర కొడుకు, అని విడిపోతుంది. నాలాంటి దుడుకువాణ్ణి ఏ రాజకుమారుడు రక్షిస్తాడు అని అడుగుతున్నాడు ఆయన. ఈ అర్థం తెలియకుండా పాడితే "నన్నే" దగ్గర ఊపిరి తీసుకుంటారు, దాంతో "నన్నే బ్రోవు" అన్నట్టు ఇంకేదో అయిపోతుంది. కాబట్టి పాట మొదలుపెట్టే ముందు ఒక రోజంతా రాగం లేకుండా, పద్యం చదివినట్టు పైకి చదవండి, అందరూ కలిసి, ఊపిరి ఎక్కడో ఒప్పుకుని పెన్సిలుతో గీత పెట్టుకోండి. పొడుగు చరణాల్లో అందరూ ఒకే చోట ఊపిరి తీసుకోకుండా వరస వరసకీ చోటు మార్చుకుంటే శబ్దం తెగదు.

శ్రుతి. మీ ఆడవాళ్ళ బృందం ఐదు శ్రుతిలోనో (హార్మోనియం మీద జి) ఐదున్నరలోనో పాడుతూ ఉండొచ్చు, అక్కడ మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి పాడే శ్రుతి మీకు అనుకూలంగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. కనీసం రెండు శ్రుతుల్లో అలవాటు చేసుకుని వెళ్ళండి. పైకి అందకపోతే ఆ చోట సన్నగా పాడండి లేదా ఊరుకోండి, ఎవరూ మార్కులు వెయ్యరు. అరవడం మాత్రం వద్దు. మా టీచరుగారు ఒక గుర్తు చెప్పేవారు: "అమ్మాయ్, పక్కావిడ గొంతు నీకు వినపడకపోతే నువ్వు ఎక్కువ పాడుతున్నావన్నమాట." ప్రాక్టీసులో ఇది నిజంగా పెట్టి చూడండి. అందరూ గొంతు తగ్గించుకుంటూ రండి, ఎక్కడ పక్కవాళ్ళు స్పష్టంగా వినపడతారో అదే మీ స్థాయి.

తాళం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి హాల్లో రాని సమస్య అక్కడ వస్తుంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. మీరు మృదంగాలకి ముప్ఫై నలభై మీటర్ల వెనక కూర్చుంటే దెబ్బ మీకు సెకనులో పదో వంతు ఆలస్యంగా వినపడుతుంది. స్వరం పావు సెకనుకి ఒకటి చొప్పున పరిగెత్తే నడకలో పదో వంతంటే దాదాపు సగం స్వరం. దానికి తోడు మీ పక్కనున్న లౌడ్‌స్పీకర్ ముందే వినిపిస్తుంది. చెవిని నమ్ముకుంటే వెనక వరసలు ఎప్పుడూ కాస్త వెనకే ఉంటాయి. కాబట్టి ముందు వరసలో తాళం వేస్తున్న చెయ్యి ఒకటి కనిపించేలా కూర్చుని, ఆ చేతిని చూస్తూ పాడండి. మీ తాళం మీరు తొడ మీద చప్పుడు లేకుండా వేసుకోండి. ఇంట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు మెట్రోనోమ్ పెట్టుకుని పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడి చూడండి, స్వర చరణాల్లో కాలం ఎంత పరిగెడుతోందో తెలుస్తుంది. పరిగెడుతుంది, ప్రతి బృందానికీ.

ఎంత ముందు నుంచి? వారానికి రెండు కూర్చోవడాలు కుదిరే బృందం, ఐదూ ఇదివరకే ఓ మోస్తరుగా వచ్చినవాళ్ళు అయితే రెండు నెలలు చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏడాది. ఆ ఏడాది ఊళ్ళో జరిగే గోష్ఠిలో పాడి, మరుసటేడు తిరువయ్యారు వెళ్ళండి. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, విశాఖల్లో కూడా ఆరాధన రోజుల్లో పంచరత్నాలు పాడతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి క్లీవ్‌లాండ్ ఆరాధన ఉంది, 1978 నుంచి ఏటా వసంతంలో జరుగుతోంది.

వేదిక మీద పాడాలనుకుంటే

గోష్ఠిలో కలిసి పాడటం వేరు, వేదిక మీద మీ బృందం పేరుతో పాడటం వేరు. రెండో దానికి ఉత్సవం నడిపే శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభకి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. వందల మంది వస్తారు, ఇచ్చే సమయం నిమిషాల్లో ఉంటుంది, పారితోషికం ఉండదు. కాబట్టి ఒకే ఒక్క త్యాగరాజ కృతి, మధ్యమ కాలంలోది, ఆలాపన నాలుగు పలుకులకి మించకుండా. ఎనిమిది నిమిషాల్లో అయిపోయేలా గడియారం పెట్టుకుని తయారవండి. ఒక బృందం పాడుతుండగానే తర్వాతి వాళ్ళు పక్క వేదిక మీద సిద్ధంగా కూర్చుంటారు, అక్కడ మీరు పైకి శ్రుతి చూసుకుంటే పాడుతున్నవాళ్ళకి ఇబ్బంది. తంబూరా యాప్ చెవిలో పెట్టుకుని, కింద ఉండగానే అంతా చూసుకుని ఎక్కండి. మైకులు మనిషికొకటి ఉండవు, అర్ధచంద్రాకారంలో కూర్చుని బలమైన గొంతులని చివర్లకి, మెత్తటి గొంతులని మైకు దగ్గరికి పెట్టండి. మామూలుగా సీనియర్లని మధ్యలో కూర్చోపెడతాం, అక్కడ ఆ మర్యాద పాటిస్తే సీనియర్ గొంతు ఒక్కటే రేడియోలో వస్తుంది.

ప్రయాణంలో గొంతు

రైలెక్కగానే అంత్యాక్షరి మొదలుపెట్టే అక్కయ్య ప్రతి బృందంలో ఒకరుంటారు. తిరుగు ప్రయాణంలో ఎంతైనా పాడుకోమనండి, వెళ్ళేటప్పుడు వద్దు. బండి చప్పుడు మీద మాట్లాడటమే గొంతుకి పెద్ద శ్రమ. ఏసీలో పడుకుంటే ముక్కుకీ నోటికీ పల్చటి చున్నీ అడ్డం పెట్టుకోండి, ఫ్లాస్కు దగ్గర ఉంచుకోండి. తమిళనాట హోటల్లో "సుడు తణ్ణి" అని అడిగితే వేణ్ణీళ్ళు ఇస్తారు, ఈ ఒక్క మాట వచ్చినా చాలు. జనవరిలో కావేరి ఒడ్డున తెల్లవారుజామున మంచు పడుతుంది, పట్టుచీర మీద శాలువా ఉంటే తప్పేం లేదు. కాఫీ మానెయ్యమని నేను చెప్పను, తంజావూరు జిల్లాకి వెళ్ళి ఫిల్టర్ కాఫీ మానడం ఏం న్యాయం, కానీ పాడటానికి ముందు వద్దు, తర్వాత రెండు తాగండి.

ఆ ఉదయం

నాలుగున్నరకి లేవండి. గదిలోనే మంద్రంలో కాసేపు, పైకి పోకుండా. ఆరింటికి రెండు ఇడ్లీలు. ఏడున్నరకల్లా పందిట్లో ఉండాలి, ఆ తర్వాత వస్తే దూరంగా ఎక్కడో కూర్చోవాలి. ముందు వరసలు పేరున్న విద్వాంసులవి, వాటికోసం ఆశపడకండి, తాళం వేసే చెయ్యి కనిపించే చోటు చూసుకోండి చాలు. చెప్పులు ఒక సంచిలో వేసి మీ దగ్గరే పెట్టుకోండి. నేల మీద రెండు మూడు గంటలు కూర్చోవాలి, మోకాళ్ళ నొప్పులున్న పిన్నిగార్లకి మందపాటి ఆసనం, వీలైతే అంచున చోటు. బాత్రూం పని కూర్చోకముందే చూసుకోవాలి, మధ్యలో లేస్తే తిరిగి రావడం కుదరదు.

త్యాగరాజస్వామి ఉన్న తిరుమంజన వీధి ఇంటి నుంచి ఉంఛవృత్తి భజన (పాడుతూ భిక్ష తీసుకుంటూ సాగే ఊరేగింపు) బయల్దేరి సమాధి దగ్గరికి వస్తుంది. నాదస్వరం అవుతుంది. గోష్ఠికి ముందు వేణు విద్వాంసులు "చేతులార శృంగారము" వాయిస్తారు, అది వినపడిందంటే ఫోను ఆపేసి సంచిలో పెట్టేయాలి. వీడియో తీస్తూ పాడటం రెండూ పాడు చేస్తుంది. సాహిత్యం కాగితాలు ఉంచుకోండి, చరణానికో కాగితం, పెద్ద అక్షరాలతో, కానీ ఒళ్ళో. నాట ఎత్తుకున్నప్పుడు మొదటి చరణం దాకా సగం గొంతుతోనే పాడండి, జనం ఎక్కడున్నారు, కాలం ఎంత, శ్రుతి ఎక్కడ, అన్నీ తెలిశాక కలవండి. మీరు పాడుతుండగా లోపల అభిషేకం జరుగుతూ ఉంటుంది, జనం అటు చూస్తూ లేచి నిలబడతారు, మీరు చెయ్యినే చూడండి. దారి తప్పితే ఏం చెయ్యాలంటే, వెతుక్కోవద్దు, పల్లవి తిరిగి వచ్చేదాకా ఊరుకుని అక్కడ ఎక్కండి.

అయిపోగానే అందరూ ఒక్కసారిగా గేటు వైపు పోతారు. మీరు పోకండి. ఎదురుగా గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సమాధి ఉంది, అక్కడికి వెళ్ళండి. త్యాగరాజస్వామి సమాధి దగ్గరున్న ఈ గుడి ఆవిడ తన సొమ్ముతో కట్టించినదే. ఆడవాళ్ళని ఇక్కడ పాడనివ్వని రోజుల్లో ఆవిడ ఆడవాళ్ళ బృందాన్ని విడిగా కూడగట్టి పాడించారు, 1940లో గానీ ఆరాధన వేరువేరుగా చేసే వర్గాలన్నీ ఒకటి కాలేదు. 1952లో పోయారు. మన బృందాల్లో ముప్పాతిక మంది ఆడవాళ్ళే, అయినా ఆ వైపు తిరిగి చూడకుండా వ్యాను ఎక్కేస్తారు చాలా మంది, అది నాకు నచ్చదు.

సాయంత్రం కచేరీలు వినొచ్చు, లేదా తంజావూరు తిరిగొచ్చి 1010లో రాజరాజచోళుడు పూర్తి చేసిన పెద్ద గుడి చూడొచ్చు, ఎండ వాలాక రాయి కాళ్ళకి కాలదు. ఇంకో పూట ఉంటే సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయక రాజుల కాలం నుంచి తంజావూరులో తెలుగు ఎంత పాతుకుపోయిందో అక్కడి తెలుగు తాళపత్రాలు చూస్తే తెలుస్తుంది.

డబ్బు లెక్క ఒకరి చేతిలోనే ఉండనివ్వండి, వ్యాను, ఫలహారం, గదులు అన్నీ ఒకే పద్దులో, తిరుగు రైల్లోనే తేల్చేసుకోండి. ఇంటికొచ్చాక "వదినా, నీకెంత ఇవ్వాలి" అని వాట్సాప్‌లో నెల రోజులు సాగుతుంది లేకపోతే. ఊరు వదిలే ముందు తిరువయ్యారు అశోకా హల్వా కొనండి, పెసరపప్పుతో చేస్తారు, వేడిగా ఉన్నప్పుడు అక్కడే తినేది వేరు, కట్టించుకునేది వేరు. కట్టించుకున్నదాన్ని శ్రుతిపెట్టె ఉన్న సంచిలో మాత్రం పెట్టకండి, నెయ్యి కారుతుంది.